పెళ్లి కోసం బాప్తిస్మం అడుగుతున్నాడా, నిజంగా నమ్మాడా? సంఘ పెద్దలు ఎలా తేల్చుకోవాలి

వందనాలు బ్రదర్. మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒంగోలు దగ్గర ఊళ్లో మీరు సంఘ పెద్ద. ఫైనాన్స్ కంపెనీలో వాయిదాల వసూళ్లు చూసుకునే ఒక హిందూ అబ్బాయి ఎనిమిది నెలలుగా మీ ఆరాధనకు వస్తున్నాడు. సంఘంలోని ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడు. అమ్మాయి నాన్నగారు "బాప్తిస్మం తీసుకుంటే పిల్లనిస్తాం" అన్నారు. ఇప్పుడతను బాప్తిస్మం అడుగుతున్నాడు, మే నెలలో పెళ్లి అనుకుంటున్నారు. పాస్టర్ గారు విషయం తేల్చమని మీకూ ఇంకో పెద్దకూ అప్పగించారు. అతని విశ్వాసం నిజమో నటనో ఎలా తెలుస్తుంది?

సూటిగా చెప్తాను. అతని హృదయం మీకు తెలియదు, తెలుసుకునే బాధ్యతా మీది కాదు. మీరు తేల్చాల్సింది అంతకంటే చిన్న విషయం: అతను నోటితో ఒప్పుకుంటున్నదాన్ని నమ్మడానికి తగిన ఆధారం ఉందా లేదా. ఆ ఆధారం ఈ పూట కనపడదు, ఎందుకంటే బాప్తిస్మానికి పిల్లను ముడిపెట్టారు. ముందు ఆ ముడి విప్పండి. తర్వాత ఆరు నెలలు ఆగండి. ఆ ఆరు నెలల్లో అతని మాటలకంటే అతని డబ్బు, అతని కోపం, ఇంట్లోవాళ్లతో అతని నడత చూడండి. మిగతాదంతా దీని వివరమే.

ముడి విప్పడం ఎందుకు ముఖ్యమో ముందు చెప్తాను. ఆదికాండం 34లో షెకెము కథ ఉంది. యాకోబు కూతురు దీనాను పెళ్లాడటం కోసం అతను సున్నతి చేయించుకున్నాడు, ఊరి మగవాళ్లందరితోనూ చేయించాడు. వాళ్లలో ఒక్కడైనా అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడని అక్కడ లేదు. పైగా షెకెమూ వాళ్ల నాన్నా ఊరివాళ్లను ఒప్పించడానికి చెప్పిన మాట, "వాళ్ల మందలూ ఆస్తీ మనవే అవుతాయి కదా" అని. షరతు పెట్టింది యాకోబు కొడుకులు, అదీ కపటంతో. షరతు పెట్టినవాళ్లే ఆ సంస్కారానికి విలువ లేకుండా చేశారు. మీ దగ్గర అమ్మాయి నాన్నగారికి కపటం లేదు, కూతురు విశ్వాసంలో నిలబడాలన్న ఆరాటం ఉంది. అయినా ఆ ఒక్క మాటతో ఏం జరిగిందంటే, ఇప్పుడు నిజంగా నమ్మినవాడూ "తీసుకుంటాను" అంటాడు, నమ్మనివాడూ "తీసుకుంటాను" అంటాడు. ఇద్దరినీ వేరు చేసే గీత చెరిగిపోయింది. అబ్బాయిని తప్పు పట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

మీ ప్రాంతంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ పనిచోట బోధ జరిగింది, వందల మంది బాప్తిస్మం అడిగారు. పదిహేను నెలల పాటు ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి చేతిలో పెట్టేవాడే బాప్తిస్మం కూడా ఇస్తే అడిగేవాడు దేనికోసం అడుగుతున్నాడో ఎవరికీ తెలియదని ఆయన భయం. సహాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి తన దగ్గర డబ్బేమీ లేదని తెలియజెప్పాక కూడా జనం వచ్చి అదే అడిగారు. అప్పుడిచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది. ఆ సంఖ్య అందరూ చెప్తారు, దానికి ముందున్న పదిహేను నెలల నిరీక్షణ ఎవరూ చెప్పరు. మీకు పనికొచ్చేది ఆ నిరీక్షణే.

"అపొస్తలుల కార్యాల్లో అదే రోజు ఇచ్చారుగా, మనం ఆపడానికి ఎవరం?" అని మీ సంఘంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. న్యాయమైన ప్రశ్నే. పెంతెకొస్తు రోజున మూడువేల మంది, ఐతియొపీయుడు దారిలోనే, ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే. కానీ వాళ్లకు ఆ నీళ్లలో దిగడం వల్ల లోకంలో వచ్చిందేమీ లేదు. పోయేదే ఎక్కువ. నష్టం ఎదురుగా ఉన్నప్పుడు ఆ నష్టమే పరీక్ష, సంఘం వేరే పరీక్ష పెట్టనక్కర్లేదు. లాభం ఎదురుగా ఉన్నప్పుడు కాలమొక్కటే పరీక్ష. తర్వాతి తరాల్లో సంఘం ఎలా చేసిందో కూడా చూడండి. రోము సంఘానివని సాధారణంగా చెప్పే మూడో శతాబ్దపు నియమాల్లో బాప్తిస్మానికి ముందు మూడేళ్ల శిక్షణ ఉంది. అదే చోట, ఆసక్తి ఉన్నవాడి విషయంలో చూడాల్సింది కాలం కాదు, నడత అని కూడా ఉంది. అతని వృత్తి ఏమిటని అడిగేవారు. చివర్లో అతన్ని తీసుకొచ్చినవాళ్లను పిలిచి, ఈ కాలంలో విధవరాళ్లను ఆదరించాడా, రోగులను చూడ్డానికి వెళ్లాడా అని విచారించేవారు. ఎంత ఏడ్చాడు, ఎంతసేపు ప్రార్థించాడు అనేవి అక్కడ లేవు.

ఆధారం కానివి

మన సంఘాల్లో పెద్దలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా.

కన్నీళ్లు ఆధారం కాదు. ఉపవాస కూడికలో పాటల వేడికి ఏడ్చినవాడు అబద్ధమాడుతున్నాడని కాదు, ఆ ఏడుపు నిజమే కావచ్చు. కానీ అది దేవుని కోసమో, అమ్మాయి దక్కుతుందో లేదోనన్న దిగులుకో అతనికే తెలియకపోవచ్చు. 1746లో అమెరికా పాస్టర్ జోనతన్ ఎడ్వర్డ్స్ ఈ విషయం మీద పెద్ద గ్రంథమే రాశారు. ఉజ్జీవంలో ఉద్వేగం తీవ్రంగా ఉండటం నిజమైన విశ్వాసానికి రుజువూ కాదు, అబద్ధానికి రుజువూ కాదు అని ఆయన వాదన. ఆ రెండో సగం కూడా మర్చిపోవద్దు. ఏడవనివాడు, సాక్ష్యం చెప్పమంటే గొంతు పెగలనివాడు, చేతులెత్తి స్తుతించడానికి సిగ్గుపడేవాడు తక్కువ విశ్వాసి కాడు.

వాట్సాప్ స్టేటస్‌లో రోజూ వాక్యం, బండి మీద సిలువ స్టిక్కర్, పేరు మార్చుకుంటాననడం, కానుకల సంచిలో ఐదువందల నోటు వేయడం, ఆదివారం అందరికంటే ముందొచ్చి కుర్చీలు సర్దడం. ఇవన్నీ మంచివే, కానీ ఇవన్నీ అమ్మాయి నాన్నగారి కంట పడేవి. చూసేవాళ్లున్నచోట చేసినదానికి విలువ తక్కువ కట్టాలి. మత్తయి 6లో ప్రభువు దానం, ప్రార్థన, ఉపవాసం మూడింటి గురించీ చెప్పింది ఇదే.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్పాలి. ఇంట్లో అమ్మ పూజించే పటాలు తీసి బయట పడేశాడని కొందరు పెద్దలు మెచ్చుకుంటారు. దయచేసి మెచ్చుకోవద్దు. అవి అమ్మవి. అతను తన మొక్కు మానుకోవడం అతని విశ్వాసం. అమ్మ గదిలోకెళ్లి ఆమె పటం పగలగొట్టడం "నీ తండ్రిని నీ తల్లిని సన్మానింపుము" అన్న ఆజ్ఞ మీరడం. మీముందు దూకుడు చూపించుకోవడానికి అమ్మను ఏడిపించినవాడు రేపు మీ అమ్మాయినీ ఏడిపించగలడు.

వాక్యాలు అప్పజెప్పడం కూడా అంతే. యోహాను 3:16, రోమా 10:9, కీర్తన 23 వారంలో నోటికొస్తాయి. తెలివైన కుర్రాడు కాటెకిజం (ప్రశ్నోత్తరాల బోధ) మొత్తం నెలలో అప్పజెప్తాడు. అది అతని జ్ఞాపకశక్తికి కొలత.

ఎలా కూర్చోవాలి, ఏం అడగాలి

ఇద్దరు పెద్దలు చాలు. పదిమంది చుట్టూ కూర్చుంటే అది పంచాయితీ అవుతుంది, ఎవడైనా వాళ్లకు కావలసిన జవాబే చెప్తాడు. అమ్మాయి ఉండకూడదు, అమ్మాయి నాన్నగారు అసలే ఉండకూడదు. అబ్బాయి డ్యూటీ అయ్యాక ఒక సాయంత్రం, గుళ్లోనో మీ ఇంటి అరుగు మీదో, ఒక గంట. ఇలా మూడుసార్లు, మధ్యలో కనీసం నెల ఎడం. మొదటిసారి వెళ్లేముందు మార్కు సువార్త చదవమనండి. 16 అధ్యాయాలే, రోజుకొకటి చొప్పున పదహారు రోజులు. యోహాను కాకుండా మార్కు ఎందుకంటే, అందులో శిష్యులు తడబడటం, భయపడటం, పారిపోవడం దాచకుండా ఉంటుంది. చదివినవాడికి ఏదో ఒకటి తడుతుంది.

"యేసు నీకు ఎవరు?" అని మొదలుపెడితే "నా రక్షకుడు" అని వస్తుంది. అది తప్పు జవాబు కాదు, కానీ మీకు దాంతో తెలిసేదేమీ లేదు. వీటిని ప్రయత్నించండి:

"చదివినదాంట్లో నీకు మింగుడుపడనిది ఏది?" అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇది. నిజంగా తలపడుతున్నవాడికి ఏదో ఒకటి గుచ్చుకుంటుంది. ధనవంతుడైన యువకుణ్ణి ఉన్నదంతా అమ్మేయమన్నారే అనో, మా తాతముత్తాతల సంగతేమిటి అనో అడుగుతాడు. "అన్నీ బాగున్నాయండి, అంతా సత్యమేనండి" అన్నవాడు నటిస్తున్నాడని కాదు, ఇంకా చదవలేదని అర్థం. మళ్లీ చదవమనండి.

"మీ అమ్మగారికి చెప్పావా? ఆమె ఏమన్నారు?" చెప్పలేదంటే భయం కావచ్చు, అది పాపం కాదు. కానీ బాప్తిస్మం దాకా వచ్చి, పెళ్లి దాకా వచ్చి ఇంట్లో ఒక్కరికీ తెలియదంటే, ఒక ఇంట్లో ఒకలా ఇంకో ఇంట్లో ఇంకోలా ఉండే ఏర్పాటు ఏదో జరుగుతోంది. పెళ్లయ్యాక అత్తవారింట్లో అమ్మాయి ఆదివారం గుడికి వెళ్లగలదా అన్నది దీని మీదే ఆధారపడుతుంది.

"నమ్మాక నీ పనిలో ఏం మారింది?" ఇక్కడ కాసేపు ఆగండి. లూకా 3లో జనం బాప్తిస్మమిచ్చే యోహానును "మేమేమి చేయవలెను" అని అడిగినప్పుడు ఆయన అందరికీ ఒకే జవాబు చెప్పలేదు. రెండు అంగీలున్నవాణ్ణి ఒకటి ఇవ్వమన్నాడు. పన్నులు వసూలు చేసే సుంకరులను నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సైనికులను ఎవరినీ బాధపెట్టొద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఎవరి వృత్తిలో ఏ పాపం సులువో వాళ్లకు అక్కడే ఫలం అడిగాడు. మీ అబ్బాయి వసూళ్ల ఉద్యోగి. వాయిదా తప్పిన ఆటో డ్రైవర్ ఇంటి ముందు నిలబడి, పక్కింటివాళ్లు వినేలా అరిచి పరువు తీయడం ఆ పనిలో మామూలు. రసీదు రాయకుండా "ఖర్చులకు" రెండొందలు తీసుకోవడం మామూలు. నెలాఖరు టార్గెట్ నిండకపోతే రాత్రి తొమ్మిదింటికి ఆడవాళ్లున్న ఇంటి తలుపు కొట్టడమూ ఉంది. వీటిలో ఏది మానాడు? మానినందుకు ఇన్సెంటివ్ ఏమైనా పోయిందా? జవాబు ఎంత చిన్న వివరంతో వస్తే అంత నమ్మొచ్చు. "అన్నీ మానేశానండి, ఇప్పుడు శాంతిగా ఉంది" అనే జవాబుకంటే "అరవడం మానలేకపోతున్నానండి, కానీ రసీదు లేకుండా డబ్బు ముట్టుకోవట్లేదు" అనే జవాబు ఎంతో మేలు.

"ప్రార్థన చేసి అడిగింది జరగకపోతే?" మొక్కు తీరితే నమ్మడం మన చుట్టూ అలవాటైన పద్ధతి, అతనికి కొత్తగా వచ్చిన దోషమేమీ కాదు. కానీ "ఈ పెళ్లి అయితే యేసు గొప్ప దేవుడు" అన్న లెక్కలో ఉన్నాడేమో తెలుసుకోవాలి. ఉంటే నేర్పించాలి, అక్కడికే తిరస్కరించనక్కర్లేదు.

ఒక ప్రశ్న మాత్రం అడక్కండి: "పెళ్లి కుదరకపోయినా గుడికి వస్తావా?" ఎవడైనా వస్తాననే అంటాడు, ఆ క్షణంలో నిజంగానే అనుకుంటాడు కూడా. అది అడిగేది కాదు, చూసేది. అలాగే ఏ తేదీన రక్షణ పొందావు అని పట్టుబట్టొద్దు. పౌలుకు దమస్కు దారి ఉంది, తిమోతికి అవ్వ లోయి, తల్లి యునీకే ఉన్నారు, తేదీ లేదు. చేసిన పాపాలన్నీ మీ ముందు ఏకరువు పెట్టించొద్దు. ఫోన్ తీసి చూడొద్దు.

ఆధారం అయ్యేవి

వెల పెట్టడం మొదటిది. క్లౌ కాలంలో ఒంగోలు చుట్టుపక్కల మాదిగ విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ రోజు చదివితే చిన్నవిగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఆదివారం పనికి రానంటే రైతుతో గొడవ, కరణంతో గొడవ. చచ్చిన పశువు వాళ్ల మిరాశీ కూలిలో భాగం, వద్దంటే కడుపు కాలుతుంది. ఊరి జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతా మీదికొస్తుంది. ఊళ్లో ఎవరైనా చూసి చెప్పగలిగేవి, జేబుకూ ఒంటికీ తగిలేవి ఏరారు. మీ అబ్బాయికి సరిపోయే వెల ఏమిటో మీరు ఆలోచించాలి. కులాన్ని బట్టి, ఇంటిని బట్టి, ఉద్యోగాన్ని బట్టి అది మారుతుంది.

అతనిది పై కులమని చెప్పుకునే ఇల్లయితే, మీ సంఘంలోని మాల మాదిగ విశ్వాసుల ఇంట్లో కూర్చుని అన్నం తింటాడా? ఆదివారం గుళ్లో పక్కన కూర్చోవడం కాదు, బుధవారం మధ్యాహ్నం వాళ్ల కంచంలో. ఇంటికెళ్లాక అది దాచకుండా చెప్తాడా? ఇది ఒక్కటి వంద సాక్ష్యాల పెట్టు.

కట్నం మరొకటి. 1961 నుంచి కట్నం నేరం, అయినా మన క్రైస్తవ పెళ్లిళ్లలో "లాంఛనాలు" అన్న పేరుతో నడుస్తూనే ఉంది. ఇతనో ఇతని ఇంటివాళ్లో ఎంత అడుగుతున్నారో తెలుసుకోండి. "మావాళ్లు అడుగుతున్నారు, నేనేం చేయను" అన్నాడంటే, ప్రభువు కోసం ఇంటివాళ్లకు ఎదురు నిలబడే సందర్భం వచ్చింది, నిలబడలేదు అని రాసుకోండి. అమ్మాయి నాన్నగారు తనంతట తానే పొలం రాసిస్తానని ఉంటే, ఆ తప్పు అబ్బాయి ఖాతాలో వేయకండి.

సరిదిద్దుకోవడం ఇంకొకటి. సుంకరి జక్కయ్య "అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తాను" అన్నాకే "నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చియున్నది" అన్న మాట వచ్చింది. ఎవరికైనా బాకీ ఉన్నాడా? ఎగ్గొట్టిన స్నేహితుడికి కొంచెం కొంచెంగానైనా కడుతున్నాడా? తిట్టినవాడి దగ్గరికెళ్లి క్షమించమన్నాడా?

దిద్దుబాటు తీసుకునే తీరు చూడండి. ఈ ఆరు నెలల్లో ఒకసారి నిజమైన తప్పుకే ఒక చిన్న మందలింపు చేయండి. ముఖం ముడుచుకుని రెండు వారాలు రాకపోయి మళ్లీ వస్తే పర్వాలేదు, అది మనిషి స్వభావం. అమ్మాయికి ఫోన్ చేసి "మీ పెద్దలు నన్ను అవమానించారు" అని పంచాయితీ పెడితే మాత్రం ఆలోచించండి.

పడిపోవడం అనుమానానికి కారణం కాదు. మందు మానినవాడు మూడో నెలలో స్నేహితుడి పెళ్లిలో తాగొచ్చు. దాచాడా, తనే వచ్చి చెప్పాడా అన్నదే తేడా.

ఎవరిని అడగాలంటే, అతని నుంచి లాభం ఆశించనివాళ్లను. రూమ్మేట్, ఆఫీసులో తోటి ఉద్యోగి, అతను టీ తాగే కొట్టాయన. గూఢచారి పని చేయొద్దు, అతనికి చెప్పే అడగండి. యెరూషలేములో శిష్యులు సౌలును (తర్వాత పౌలు) నమ్మక భయపడినప్పుడు బర్నబా చేసింది ఇదే (అపొ. 9:27): దారిలో ప్రభువును ఎలా చూశాడో, దమస్కులో ఎలా ధైర్యంగా బోధించాడో వివరాలతో చెప్పాడు. "మంచివాడండి, నాకు తెలుసు" అనే సిఫారసు సాక్ష్యం కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశాడు అన్నది కావాలి. అమ్మాయిని కూడా విడిగా, పాస్టరమ్మ గారి ద్వారా, ఒక్క విషయం అడిగించండి: కోపం వచ్చినప్పుడు అతను ఎలా ఉంటాడు? ప్రేమలో ఉన్నవాళ్లు మిగతావన్నీ దాచినా ఇది చెప్పేటప్పుడు తడుముకుంటారు. తడుముకుంటే పాస్టరమ్మ గారు ఇంకోసారి కూర్చోవాలి.

కాగితాల సంగతి

అబ్బాయి ఎస్సీ కుటుంబం నుంచి వచ్చినవాడైతే ఇంకో చిక్కు. 1950 నాటి రాజ్యాంగ ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధం కాక వేరే మతాన్ని అవలంబించేవారికి ఎస్సీ హోదా ఉండదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి (వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు) కింద లెక్కిస్తారు. దానివల్ల చాలామంది ఏళ్ల తరబడి నమ్మి, ప్రార్థించి కూడా బాప్తిస్మం రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవడానికి వెనకాడతారు. ఈ వెనకాడటం చూసి విశ్వాసం అబద్ధమనొద్దు. ఎస్సీ రిజర్వేషన్‌తో వచ్చిన ఉద్యోగం మీద ఐదుగురు బతుకుతుండొచ్చు. అలాగని సర్టిఫికెట్ విషయంలో అబద్ధం రాయమని సంఘ పెద్ద సలహా ఇవ్వకూడదు. బాప్తిస్మానికి ముందే ఇది విప్పి చెప్పండి, కావాలంటే లాయర్ దగ్గరికి వెళ్లమనండి. తెలిసి తీసుకున్న నిర్ణయానికి బరువుంటుంది. తర్వాత తెలిస్తే సంఘమే మోసం చేసిందనుకుంటాడు.

పెళ్లి చట్టం సంగతి మీరు అడగలేదు కానీ అమ్మాయి నాన్నగారికి ఇది తెలియాలి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి జరగడానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. 1954 ప్రత్యేక వివాహ చట్టంలో ముప్పై రోజుల నోటీసుతో మతం ప్రస్తావన లేకుండా రిజిస్టర్ అవుతుంది. అంటే చట్టానికి బాప్తిస్మం అక్కర్లేదు. అది అడుగుతున్నది మీ సంఘ నియమం, అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దన్న 2 కొరింథీ 6:14 మీద మీ మనస్సాక్షి. అవి గౌరవించదగినవే. కానీ "బాప్తిస్మం లేకపోతే పెళ్లే కాదు" అన్న భయంతో ఎవరూ నీళ్లలో దిగనక్కర్లేదు.

ఎంత కచ్చితంగా ఉండాలి?

ఇచ్చేదాన్ని బట్టి. బాప్తిస్మానికి నమ్మదగిన ఒప్పుకోలు చాలు. పిల్లనివ్వడానికి ఇంకొంచెం ఎక్కువ చూడాలి. సంఘంలో బాధ్యత ఇవ్వడానికి ఇంకా ఎక్కువ. 1 తిమోతి 3:6 కొత్తగా చేరినవాడు అధ్యక్షుడు కాకూడదంటుంది. మనవాళ్లు దీన్ని తిరగేస్తారు. బాప్తిస్మం దగ్గర నానా ప్రశ్నలు వేసి, అది అయిన మరుసటి ఆదివారమే మైకిచ్చి సాక్ష్యం చెప్పమంటారు, యూత్ లీడర్‌ను చేస్తారు. ఏడాదిపాటు మైకు ఇవ్వకండి.

పొరపాటు జరగదా అంటే జరుగుతుంది. ఫిలిప్పు సమరయలో గారడీ సీమోనుకు బాప్తిస్మమిచ్చాడు. తర్వాత అతను పరిశుద్ధాత్మ వరాన్ని డబ్బిచ్చి కొనబోయాడు. పేతురు "నీ హృదయము దేవునియెదుట సరియైనది కాదు" అని ముఖం మీదే చెప్పాడు, మారుమనస్సు పొంది ప్రార్థించు అని కూడా చెప్పాడు. ఫిలిప్పును ఎవరూ నిందించలేదు, సమరయలో బాప్తిస్మాలు ఆపలేదు. 1933లో వెలువడిన మిషనరీ పికెట్ సర్వే, మన దేశంలో సామూహికంగా క్రైస్తవంలోకి వచ్చినవారిని పరిశీలించి, వచ్చినప్పటి ఉద్దేశం కంటే వచ్చాక అందిన బోధ, కాపుదలే వాళ్ల తర్వాతి జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించాయని తేల్చింది. అమ్మాయి కోసం వచ్చినవాడు దేవుని కోసం నిలబడటం అసాధ్యమేమీ కాదు. అందుకే బాప్తిస్మమిచ్చిన రోజే ఒక కుటుంబాన్ని అతనికి తోడుగా పెట్టండి, అమ్మాయి బంధువులు కానివాళ్లను. వారానికోసారి వాళ్లింట్లో భోజనం, గంట వాక్యం, ఏడాదిపాటు.

ఇంకో మాట. ఇతనికి ఇన్ని ప్రశ్నలు వేస్తున్నారు కదా, అమ్మాయిని ఎవరైనా ఒక్కటైనా అడిగారా? మూడు తరాల క్రైస్తవ కుటుంబం, సండే స్కూల్లో బహుమతులు, క్వయర్‌లో పాట. పనిలో ఏం మారింది, మింగుడుపడనిది ఏది అన్న ప్రశ్నలు పుట్టు క్రైస్తవులను మనం అడగం. ఆమెను కూడా పాస్టరమ్మ గారితో అవే ప్రశ్నలకు కూర్చోబెట్టండి. అబ్బాయికి కూడా ఇది తెలియనివ్వండి. తనొక్కణ్ణే నిలదీస్తున్నారన్న బాధ తగ్గుతుంది.

ఆరు నెలలయ్యాక మీరిద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకున్నది చదవండి. చాలినంత కనిపిస్తే ఇవ్వండి, పెళ్లి తేదీకి కనీసం మూడు నెలల ముందు, మామూలుగా మిగతావాళ్లతో కలిపి, ప్రత్యేక హంగామా లేకుండా. చాలకపోతే "నీ విశ్వాసం అబద్ధం" అనొద్దు, ఆ మాట అనే అధికారం మీకు లేదు. "మాకు ఇంకా కనపడలేదు. ఫలానా బాకీ, ఫలానా విషయం మీ అమ్మగారితో మాట్లాడటం, ఈ రెండూ చేయి. సెప్టెంబరులో మళ్లీ కూర్చుందాం" అని తేదీతో చెప్పండి. గోధుమలూ గురుగులూ కోతకాలం దాకా కలిసే పెరగనివ్వమన్న ప్రభువు మాటకు సంఘ పెద్ద లోబడే తీరు ఇదే.

ఇక ఈ వారం చేయాల్సింది. పాస్టర్ గారితో కలిసి అమ్మాయి నాన్నగారింటికి వెళ్లండి. "అన్నా, మే తేదీ తీసేయండి. బాప్తిస్మం తీసుకుంటే పిల్లనిస్తానన్న మాట వెనక్కి తీసుకోండి, అబ్బాయి ముందే తీసుకోండి. పెళ్లి సంగతి మీరూ అమ్మాయీ వేరుగా తేల్చుకోండి, బాప్తిస్మం సంగతి సంఘం వేరుగా చూస్తుంది" అని చెప్పండి. కల్యాణ మండపానికి అడ్వాన్స్ కట్టేశామంటారు. ఎంత కట్టారో అడగండి. అందులో తిరిగి రానిది సంఘం భరించగలిగితే భరించండి.